మందు ముట్టని వారి రుచి సంఘం

భూంరెడ్డికి వైన్ పిచ్చి నాసిక్‌లో పట్టింది. ద్రాక్ష తీగలకు కత్తిరింపులు ఎలా చేయాలో నేర్చుకుందామని పోయిన మనిషి, అక్కడ ఒక ముసలి రైతు గాజు గ్లాసులో పోసిచ్చిన నాలుగు గుక్కలు తాగి, కత్తిరింపుల సంగతి మరిచిపోయి తిరిగొచ్చాడు. అది పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అప్పట్లో అతని ఊరు చింతలకుంట చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. తరువాత పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి, రాళ్లు పాతారు, పాతిన రాళ్లకు రంగులు వేశారు. భూంరెడ్డి ఒక్కడే తన ఎకరన్నర నల్లద్రాక్షను పట్టుకుని కూర్చున్నాడు. ఊళ్లో వాళ్లు అతన్ని తెలివితక్కువవాడని ఎన్నడూ అనలేదు గానీ, అతని దగ్గర సలహాలు అడగడం మాత్రం మానుకున్నారు.

వైన్ గురించి అతనికి కొన్ని గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. అడిగినా అడక్కపోయినా చెబుతాడు. వైన్‌ను ముందు కంటితో తాగాలట, గ్లాసు వెనక తెల్ల తువ్వాలు పెట్టుకుని. తరువాత ముక్కుతో. నోటి వంతు ఆఖరున. మొదటి గుక్క అబద్ధం చెబుతుంది, ఎందుకంటే పొద్దున తిన్న పచ్చడి ఇంకా నోట్లోనే ఉంటుంది. రెండో గుక్క నిజం చెబుతుంది. మూడో గుక్క దగ్గర తాగేవాడే అబద్ధాలు మొదలుపెడతాడు కాబట్టి, రుచి చూసే పని రెండో గుక్కతో ఆపేయాలి. ఒక్కడివే తాగితే అది మందు. ఇంకొకరికి పోసిచ్చి ఎట్లుందని అడిగితే అది వైన్. ఈ చివరి ముక్క దగ్గరే అతనికి చిక్కొచ్చి పడింది. ఇంట్లో అడగడానికి ఉన్నది ఒక్క బాలమణి. బాలమణి ముట్టదు.

బాలమణి అతని భార్య. వాళ్ల నాయిన సారా తాగి తాగి రెండెకరాల చెలక కరగదీసి, చివరికి తనూ కరిగిపోయాడు. పదేళ్ల పిల్లగా అది చూసిన మనిషి, చుక్క ముట్టనని అప్పుడే అనుకుంది. యాభై ఎనిమిది వచ్చినా ముట్టలేదు. అయినా ఆ ఇంట్లో వైన్ తయారీలో సగం పని ఆవిడదే. సగమని భూంరెడ్డి అంటాడు, నిజానికి ముప్పాతిక. దోసెల పిండి ఎప్పుడు పొంగుతుందో, పెరుగు ఎప్పుడు తోడుకుంటుందో చేత్తో ముట్టకుండా చెప్పగలిగిన ఆడమనిషికి ద్రాక్షరసం ఒక లెక్కా? పీపా దగ్గర చెవి పెట్టి బుడగల చప్పుడు వినేది. పైకి తేలిన తొక్కల్ని పొద్దున, మాపున చెక్క తెడ్డుతో కిందికి అణిచేది. ఎండాకాలం పీపాల మీద తడిగోనెలు కప్పేది. ఇన్ని చేసి, తయారైన వైన్‌ను భర్తకు పోసిచ్చి తాను చాయ్ తాగేది.

"ఒక్క చుక్క నాలిక మీద ఏసుకుంటే ఏమైతదే?" అని భూంరెడ్డి ఏటా అడిగేవాడు.

"నేను ముక్కుతోని తాగిన. నువ్వు నోటితోని తాగు" అని ఆవిడ ఏటా చెప్పేది.

ఆరేళ్ల కిందట ఒక పంట పడింది. వానలు వేళకు ఆగిపోయాయి, గుత్తులు చిన్నగా, గింజలు చిక్కగా వచ్చాయి. ఆ పండ్ల రసాన్ని భూంరెడ్డి నాసిక్ నుంచి తెచ్చిన రెండు పాత పీపాల్లో పోసి పెట్టాడు. నాలుగు వందల లీటర్లు. ఏటా ఒకసారి సన్నటి గొట్టంతో అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా వేరే పీపాలోకి తోడాడు, ఒక గ్లాసు రుచి చూశాడు, మళ్లీ మూత బిగించాడు. తన జీవితంలో చేసిన ఒకే ఒక మంచి పని ఆ పీపాల్లో ఉందని అతని నమ్మకం. దాన్ని అర్థం చేసుకునే మనిషి ఒక్కరు రుచి చూసి ఒక్క మాట చెబితే చాలని అతని ఆశ.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి కూడా వైన్ పిచ్చి పట్టింది.

ఎవరో పెద్దమనిషి విదేశాలు తిరిగొచ్చాడు. అక్కడ రైతులు సాయంత్రం పూట ఎర్రటి గ్లాసులు పట్టుకుని సంస్కారవంతంగా కూర్చున్నారని, ఇక్కడి రైతులు అలా కూర్చోవడం లేదని బాధపడ్డాడు. ఆ బాధలోంచి రాష్ట్ర ద్రాక్షాసవ ప్రోత్సాహక మండలి పుట్టింది. 'రైతుకు ఆదాయం, రాష్ట్రానికి సంస్కారం' అని గోడల మీద రాశారు. జిల్లా కార్యాలయానికి డిప్యూటీ డైరెక్టరుగా ధరణీధర్ గారిని వేశారు. ఆయన అంతకుముందు చేపల శాఖలో, దానికి ముందు గ్రంథాలయాల్లో పనిచేసి రెండు చోట్లా మచ్చ లేకుండా బయటపడ్డ మనిషి. చేపను తినలేదు, పుస్తకం చదవలేదు.

మండలి మొదటి ఉత్తర్వు ఇలా వచ్చింది: జిల్లాలో ఎవరివద్ద ద్రాక్షాసవము నిల్వయున్నను మార్చి 31వ తేదీ లోపల మండలి రుచి సంఘము వారి ధ్రువీకరణ పొందవలయును. పొందని ఆసవమును తయారీదారు స్థలమునందే గోతిలో పోసి, ఫినాయిలు కలిపి, మట్టితో కప్పివేయవలయును.

భూంరెడ్డి భయపడలేదు సరికదా, సంబరపడ్డాడు. రుచి సంఘంలో సభ్యులు కావాలని పక్కనే ఇంకో ప్రకటన ఉంది. తన పీపాలు ఎలాగూ ఎవరో చూస్తారు, మిగతా వాళ్లవి తాను చూడవచ్చు కదా అని ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి పోయాడు.

ధరణీధర్ గారు అతని ముందు నాలుగు గ్లాసులు పెట్టించారు. భూంరెడ్డి చూశాడు, వాసన పట్టాడు, రెండేసి గుక్కలు తీసుకుని ఉమ్మేశాడు.

"సార్, మొదటిది మంచిదే గాని పసిది, ఇంకో రెండేండ్లు ఆగాలె. రెండోదాన్ని ఎండల పెట్టిన్రు. మూడోదాంట్ల నీళ్లు కలిసినయి. నాలుగోది పులిసి సిర్కా అయితాంది, ఎల్లుండికి పచ్చడిల ఏసుకోవచ్చు."

ధరణీధర్ గారు కలం కింద పెట్టారు. నాలుగూ సరిగ్గా సరిపోయాయని ఎదుట ఉన్న కాగితం చెబుతూనే ఉంది. ఆయన ముఖం మాత్రం చుట్టాల పెళ్లిలో పప్పు అడుగంటినట్టు మారిపోయింది.

"అంటే మీకు అలవాటున్నదన్నమాట."

"అలవాటంటే, పద్దెనిమిదేండ్ల సంది చేస్తున్న సార్."

"విచారకరం. నియమావళి నాలుగవ నిబంధన చూడండి. మద్యసేవన అనుభవము గల వ్యక్తులు మద్యము పట్ల పక్షపాతము కలిగియుందురు గనుక, రుచి సంఘ సభ్యులు జన్మతః మద్యము ముట్టనివారై యుండవలయును."

"ముట్టనోనికి రుచెట్ల తెలుస్తది సార్?"

"దొంగను శిక్షించే న్యాయమూర్తికి దొంగతనంలో అనుభవం ఉండాలంటారా?" అని ధరణీధర్ గారు చాలా మర్యాదగా అడిగారు. జవాబు తోచని మాట న్యాయమైనదే అయ్యుండాలని భూంరెడ్డికి చిన్నప్పటి నుంచీ ఒక బలహీనత ఉంది.

ముట్టనివారు ఐదుగురు దొరికారు. భజన మండలి పెద్ద నాగభూషణం గారు, ప్రకృతి వైద్యుడొకాయన, మఠంలో వంట చూసే ముగ్గురు. మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. పై నుంచి నలభై రెండు పదాల జాబితా వచ్చింది. రుచిని ఆ నలభై రెంటిలోనే చెప్పాలి. అందులో తడిసిన రాయి ఉంది, పొగాకు ఉంది, ఎండిన అత్తిపండు ఉంది, గుర్రపు జీను ఉంది. రాయి దొరికింది, పొగాకు దొరికింది. గుర్రపు జీను వాసన ఎవరికీ తెలియదు. ధరణీధర్ గారు లోపం రానివ్వని మనిషి కనుక, పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని తోలే ఖాజామియాను పిలిపించి, జీను తెప్పించి, బల్ల మీద పరిపించారు. ఐదుగురు సభ్యులు వరుసగా వంగి దాన్ని వాసన చూశారు. నాగభూషణం గారు రెండుసార్లు చూసి నోట్‌బుక్కులో రాసుకున్నారు.

మొదటి పరీక్ష ఫిబ్రవరిలో జరిగింది. జిల్లాలో వైన్ చేసేవాళ్లు మొత్తం ఆరుగురు, కాబట్టి ఆరు నమూనాలు. నోరు పుక్కిలించుకోవడానికి ఒక గ్లాసులో మంచినీళ్లు కూడా పెట్టారు. బల్ల మీద ఉన్న ప్రతి పాత్రకూ సంఖ్య ఉండాలన్నది నియమం గనుక, అటెండరు యాదగిరి ఆ గ్లాసుకు ఏడో నంబరు అంటించాడు.

మధ్యాహ్నానికి ఫలితాలు గోడకు అతికించారు. ఏడవ నమూనాకు నూటికి తొంభై ఎనిమిది. వాసన దోషము లేదు, రంగు దోషము లేదు, గొంతులో మంట లేదు, సేవించిన పిదప మనస్సు నిర్మలముగా నున్నది. బంగారు పతకం దానికే. భూంరెడ్డి వైన్‌కు పదకొండు మార్కులు వచ్చాయి. వగరు, పులుపు, మంట, కారణము తెలియదు, అని రాశారు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అంటారు గానీ, ఎద్దు కనీసం అటుకులకు మార్కులు వేయదు.

భూంరెడ్డి లోపలికి పోయాడు. "సార్, ఏడో నంబరు నీళ్లు."

"ఆ సంగతి మాకు తెలిసింది."

"మరి?"

"పరీక్ష గుప్తంగా జరిగింది. గుప్త పరీక్షలో నెగ్గిన దానిని, అది నీరైనంత మాత్రాన తక్కువ చేయడం న్యాయం కాదు." ధరణీధర్ గారు కుర్చీలో ముందుకు వంగారు. ఆయన గొంతులో నిజమైన దయ ఉంది. "నిరుత్సాహపడకండి. మీ ఉత్పత్తి క్రమక్రమంగా ఏడవ నమూనా దిశగా పయనించాలి. మండలి మీకు అన్ని విధాలా తోడ్పడుతుంది. రెండో పరీక్షకు అవకాశం ఉన్నది."

ఏడవ నమూనా మునిసిపాలిటీ నల్లాది కాబట్టి, మునిసిపల్ కమిషనరు గారు వచ్చి పతకం మెడలో వేయించుకుని, ఈ విజయం సిబ్బంది అందరిదీ అని మాట్లాడి వెళ్లారు.

ఆ రోజు ఇంటికి వచ్చిన భూంరెడ్డి ద్రాక్ష పందిరి కింద మంచం వేసుకుని పడుకున్నాడు. అతనికి కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. వైన్ బాగాలేదని ఎవడైనా తెలిసినవాడు అని ఉంటే తట్టుకునేవాడు. బాగుందని తెలియనివాడు అన్నా ఎట్లాగో తట్టుకునేవాడు.

"తెలియనోళ్లతోని పంచాయతి ఎందుకు? తెలిసినోళ్లను పిలిపియ్యరాదు?" అంది బాలమణి.

"తెలిసినోళ్లు పనికిరారటనే."

ఆవిడ పీపాల మీద గోనెలు తడపడానికి పోయింది.

రెండో పరీక్ష రాకముందే ఆడిట్ వచ్చింది. ఆడిట్ అధికారిణి విమలాదేవి గారు సన్నగా, తెల్లగా, ఎవరినీ అనుమానించకుండా ఎవరినీ నమ్మకుండా ఉండే మనిషి. ఫైలు అంతా చదివి ఒకే ఒక్క అభ్యంతరం లేవదీశారు.

"సభ్యులు జన్మతః ముట్టనివారై ఉండాలి కదా. మొదటి పరీక్ష పదకొండు గంటలకు మొదలైంది. పదకొండూ ఐదుకు వారు మొదటి నమూనాను ముట్టారు. రెండవ నమూనా సమయానికి వారు ముట్టినవారు. అనర్హులు."

"కానీ ఉమ్మేశారండీ" అన్నారు ధరణీధర్ గారు.

"ముట్టి ఉమ్మినారు. ముట్టకుండా ఉమ్మలేరు కదా."

ఫలితాలు రద్దయ్యాయి. కమిషనరు గారి దగ్గర పతకం వాపసు తీసుకున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఐదుగురు సభ్యులనూ ముట్టినవారి జాబితాలో చేర్చి ఇళ్లకు పంపారు. నాగభూషణం గారిని భజన మండలివాళ్లు తాళాలు పట్టుకోనివ్వలేదని తరువాత తెలిసింది. కొత్త నిబంధన వచ్చింది: ఒక వ్యక్తి జీవితకాలములో ఒక్క నమూనాను మాత్రమే ఒక్కసారి రుచి చూడవలెను. అగ్గిపుల్లలాగా, ఒకసారి గీస్తే అంతే.

ఒక్కో నమూనాకు ఒక్కో కొత్త మనిషి. ముట్టనివారు కావలెనని ఊరూరా దండోరా వేయించారు. ఆడవాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదు. వయసు వచ్చిన మగవాళ్లలో చుక్క ముట్టనివాళ్లు చింతలకుంట మండలంలో ఎంతమంది ఉన్నారో అప్పుడు బయటపడింది. అది అక్కడి ప్రతిష్ఠకు సంబంధించిన విషయం గనుక ఇక్కడ చెప్పడం లేదు.

దండోరా విని అందరికన్నా ముందు వచ్చినవాడు సాయిలు. కల్లు దుకాణం తెరిచేవాడికన్నా ముందు వచ్చి, మూసేవాడి తరువాత వెళ్లే సాయిలు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చుక్క ముట్టలేదని స్టాంపు కాగితం మీద నోటరీ సంతకంతో అఫిడవిట్ తెచ్చాడు. కాగితం సరిగానే ఉంది. కాగితం పట్టుకున్న చెయ్యి మాత్రం వణుకుతోంది. చెయ్యి గురించి నియమావళిలో ఏమీ లేదు.

అతనికి భూంరెడ్డి వైన్ పోసిచ్చారు. యాదగిరి ఉమ్మడానికి ఎనామిల్ గిన్నె పట్టుకుని నిల్చున్నాడు. ఒక నిమిషం అయింది, రెండు నిమిషాలైంది. గిన్నెలో ఏమీ పడలేదు.

"ఉమ్మవయ్యా" అన్నారు ధరణీధర్ గారు.

"ఏముమ్మాలె సార్, ఇంకిపాయె" అన్నాడు సాయిలు. "ఎండకాలం గదా. నోరు ఎండిపోయున్నది. పోసింది పోసినట్టే ఇంకింది. ఇంకోపారి పోస్తె ఉమ్ముత."

విమలాదేవి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ధ్రువీకరణ లేని మద్యాన్ని ప్రభుత్వ కార్యాలయంలో ప్రజలకు తాగించినట్టయింది. ఇది మొదటిసారి కాబట్టి హెచ్చరికతో వదులుతున్నానని, ఇకమీదట గిన్నెలోకి తిరిగిరాని ప్రతి చుక్కకూ డిప్యూటీ డైరెక్టరు గారే స్వయంగా బాధ్యులని, ఉద్యోగం పోవడమే కాక ఎక్సైజు కేసు కూడా ఉంటుందని రాసిచ్చారు. ముప్పై మిల్లీలీటర్లు పోయాలి, ముప్పై తిరిగి రావాలి. కొలజాడీ కొన్నారు.

ఆ మర్నాడు రిటైర్డ్ హెడ్‌మాస్టరు శంకరయ్య సారు వచ్చారు. ఆయనను చూసి భూంరెడ్డికి ప్రాణం లేచొచ్చింది. నిఖార్సయిన మనిషి, నియమం అంటే నియమమే. సారు ముప్పై మిల్లీలీటర్లు నోట్లో పోసుకుని, నియమావళిలో రాసినట్టే నిండు నిమిషం పుక్కిలించి, చివరి చుక్కదాకా గిన్నెలో వదిలి, చేతిరుమాలుతో మూతి తుడుచుకున్నారు. యాదగిరి కొలిచాడు.

ముప్పై ఏడు.

యాదగిరి జాడీని వెలుతురుకు ఎత్తి మళ్లీ చూశాడు. విమలాదేవి గారే ముందు నోరు విప్పారు. "ఏడు మిల్లీలీటర్లు అధికంగా ఉన్నది. ఇది ఎక్కడ తయారైంది?"

"ఎక్కడేమిటమ్మా, నా నోట్లోనే" అన్నారు శంకరయ్య సారు, ఏ పాపమూ ఎరగకుండా.

"లైసెన్సు ఉన్నదా?"

"నోటికా?"

"మద్యం తయారీకి."

సారు తన జీవితంలో ముప్పై నాలుగు వేల జవాబుపత్రాలు దిద్దిన మనిషి, ప్రశ్నే తప్పుగా పడిందేమో చూడమన్నారు. అనుమతి లేకుండా ఏడు మిల్లీలీటర్ల మద్యం ఉత్పత్తి చేసినందుకు ఆయన మీద కేసు రాశారు. ఉత్పత్తి స్థలం అనే గడిలో నోరు అని నింపారు, ఆ స్థలాన్ని సీలు చేయాలా వద్దా అని పైఅధికారులకు లేఖ రాశారు. నమూనాలో నోటి నీరు కలిసింది గనుక ఆ పరీక్ష చెల్లదు.

ఆ కబురు పాకాక ముట్టనివారు ఒక్కరూ కార్యాలయం వైపు రాలేదు. కొందరు ముట్టినట్టు పైకి కనిపించడం కోసం కావాలనే కల్లు దుకాణం ముందు కూర్చోసాగారు. వైన్ చేసే మిగతా ఐదుగురూ ఒక్కొక్కరే చేతులెత్తేశారు. ఇద్దరు పచ్చళ్ల కంపెనీకి సిర్కా అని అమ్మేశారు, ఒకడు కిస్‌మిస్‌లలోకి దిగాడు, ఇద్దరు గోతిలో పోసి ఫినాయిలు కలిపారు. భూంరెడ్డి పీపాలు రెండు మిగిలాయి.

మార్చి ముప్పైన యాదగిరి, ఇంకో ఇద్దరు కూలీలు వచ్చి పందిరి కింద కొలతలు తీసి గొయ్యి తవ్వారు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. తవ్వుతుంటే నల్లద్రాక్ష వేళ్లు తెగాయి. ఫినాయిలు డబ్బా గొయ్యి గట్టు మీద పెట్టి, రేపు సాయంత్రం ఐదింటికి సార్ వస్తారని చెప్పి వెళ్లిపోయారు. భూంరెడ్డి పీపా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆరేళ్లు. తెలిసినవాళ్లు ఒక్కరూ రుచి చూడకుండానే మట్టిలోకి.

బాలమణి గొయ్యి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, ఫినాయిలు డబ్బాను కాలితో పక్కకు జరిపింది.

"ముట్టని మనిషి గావాలె, అంతేనా?"

భూంరెడ్డికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపాడు. "వద్దే. నువ్వు పదేండ్లప్పుడు అనుకున్న మాట. దీనికోసం తప్పుతవా?"

"ఉమ్మేస్తె తప్పినట్టా?"

"ఆ ఆడిట్ మేడం లెక్కల తప్పినట్టే."

"మేడం లెక్క మేడందాయె. నా లెక్క నాది. పొద్దున చీర ఏది కట్టుకోవాల్నో చెప్పు."

దరఖాస్తు చూసి ధరణీధర్ గారు కాస్త తటపటాయించారు. తయారీదారుడి భార్యే రుచి చూడడం సబబేనా అని విమలాదేవి గారి వైపు చూశారు. ఆవిడ దరఖాస్తు ఇటూ అటూ తిప్పి చూశారు. "దరఖాస్తులో బంధుత్వానికి గడి లేదు. గడి లేని విషయం ప్రభుత్వానికి తెలియదు" అన్నారు. ముట్టని మనిషి అనే నియమానికి జిల్లా మొత్తంలో ఆవిడంత సరిగ్గా సరిపోయేవాళ్లు మరొకరు లేరు. అది నిజమే.

పదకొండు గంటలకు పరీక్ష మొదలైంది. బల్లకు ఇవతల బాలమణి, అవతల ఇద్దరు అధికారులు, పక్కన ఎనామిల్ గిన్నెతో యాదగిరి. భూంరెడ్డిని గుమ్మం బయట నిలబెట్టారు. కొలజాడీలోంచి ముప్పై మిల్లీలీటర్లు గ్లాసులోకి పోశారు. బాలమణి వెంటనే తాగలేదు. గ్లాసు ఎత్తి తెల్ల ఫైలు అట్ట ముందు పెట్టి రంగు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ పని ఆవిడ వందలసార్లు చేసిందే. తరువాత ఇంతకుముందు ఎన్నడూ చేయనిది చేసింది.

గోడ గడియారంలో ముల్లు తిరుగుతోంది. ఇరవై సెకన్లు. నలభై. యాదగిరి గిన్నెను గడ్డం కిందికి తెచ్చాడు. బాలమణి గొంతు మెల్లగా ఒకసారి కదిలింది.

"అమ్మా, ఉమ్మండి" అన్నారు ధరణీధర్ గారు.

"పోయింది సార్."

"పోయిందంటే? ఎక్కడికి?"

"కడుపులకు."

ధరణీధర్ గారు ఖాళీ గిన్నెలోకి తొంగి చూశారు. చేపల శాఖలో, గ్రంథాలయాల్లో ఇరవై ఆరేళ్లు నెట్టుకొచ్చిన మచ్చలేని ఉద్యోగం ఆ ముప్పై మిల్లీలీటర్లతో పాటు ఒక రైతు భార్య కడుపులోకి పోయింది. ఆయన విమలాదేవి గారి వైపు తిరిగారు. ఆవిడ అప్పటికే కలం తీశారు.

"ధ్రువీకరణ లేని మద్యం తాగించడం రెండవసారి" అన్నారు ఆవిడ.

"మేడం, ఒక్క మాట. ధ్రువీకరణ ఉన్న మద్యం తాగిస్తే?"

విమలాదేవి గారు ఆలోచించారు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "అది ప్రోత్సాహం. మండలి ఆశయమే అది."

ధరణీధర్ గారు గడియారం చూశారు. పదకొండూ పది. "అయితే ఈవిడ మింగే సమయానికి ఈ ద్రాక్షాసవం ధ్రువీకరింపబడి ఉండి తీరాలి" అని, ఒక ఖాళీ ధ్రువపత్రం లాక్కుని, సమయం దగ్గర ఉదయం 10 గంటల 50 నిమిషాలు అని వేసి సంతకం చేసి ముద్ర గుద్దారు. చేతులు ఎంత వేగంగా కదిలాయంటే అంత వేగం ఆ కార్యాలయం అదివరకు చూడలేదు. మార్కుల గడిలో తొంభై తొమ్మిది వేశారు. రుచి వర్ణన దగ్గర మాత్రం ఆగారు.

"అమ్మా, ఈ నలభై రెండు పదాల్లో ఏది సరిపోతుంది?"

బాలమణి కాగితం చూసింది. "గిందుల లేదు సార్."

వ్యవధి లేదు గనుక ధరణీధర్ గారే కళ్లు మూసుకుని ఒక పదం మీద వేలు పెట్టారు. భూంరెడ్డి వైన్‌లో గుర్రపు జీను పరిమళము స్పష్టముగా కలదని ఈనాటికీ ప్రభుత్వ రికార్డులో ఉంది. విమలాదేవి గారు ధ్రువపత్రాన్ని వెలుగుకు ఎత్తి చూసి, ముద్ర సరిగానే పడిందని చెప్పి, కలానికి మూత పెట్టారు. గొయ్యి పూడ్చేయమని యాదగిరికి కబురు చేశారు.

భూంరెడ్డి కార్యాలయం మెట్ల మీద కూర్చుని ఆ కాగితం మూడుసార్లు చదివాడు. నాలుగు వందల లీటర్లు బతికాయి. తోట బతికింది. తొంభై తొమ్మిది మార్కులు. అయినా అతని మనసు ఆ కాగితం మీద లేదు. పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటున్న భార్యను ఒక మాట అడగాలి. పద్దెనిమిదేళ్లుగా అడగాలనుకుంటున్నది, ఇప్పుడు అడగడానికి భయమేస్తోంది.

"ఎట్లుందే?"

బాలమణి నాలుక ఒకసారి పై పెదవికి తాకించుకుంది.

"వగరు ఎక్కువైంది. తొక్కలు రెండు దినాలు ఆలస్యంగ తీసినవ్. వాసన మారింది, తీద్దామని నాడు నేను చెప్తనే ఉన్న, నువ్వు పుస్తకంల ఇంకా రెండు దినాలు రాసున్నదన్నవ్."

భూంరెడ్డి తల దించుకున్నాడు. అది నిజం. ఏటా గ్లాసులో పోసుకుని రెండో గుక్క తీసుకున్నప్పుడల్లా అతనికి ఆ వగరు తగులుతూనే ఉంది, ఏటా అది తన నోటి లోపమని సర్ది చెప్పుకుంటూనే ఉన్నాడు. ఇన్నాళ్లకు ఒక తెలిసిన మనిషి తన వైన్ రుచి చూసింది, తెలిసిన మాటే చెప్పింది. గుండె కలుక్కుమంది. వెనకే ఎక్కడినుంచో ఒక సంతోషం కూడా వచ్చింది, అది ఎందుకో అతనికి తెలియలేదు.

"గంత తప్పున్నప్పుడు మరి ఉమ్మెయ్యకపోయినవా?" అన్నాడు చిన్నగా.

బాలమణి లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"తప్పున్నదని ఉమ్మేస్తరా? నీతోని ముప్పై ఎనిమిదేండ్ల సంది లేనా నేను?"